మూడు సినిమాలు – ఒకే వనవాసం



మన హాస్టల్లో సినిమా వేసిన మరునాడు ఒక తగువు తప్పకుండా వస్తుంది. ఏ సినిమా గొప్పది అని. ఈసారి ఆ తగువు భారతం సినిమాల మీద వచ్చింది. కొందరు "మాయాబజార్" అన్నారు. కొందరు "నర్తనశాల" అన్నారు. పాండవ వనవాసంలో భీముడిని మించినవాడు లేడని ఎనిమిదో తరగతి వాళ్ళు పట్టు పట్టారు. ఊరికే అరుచుకుంటే ఏమి లాభం? మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎందుకు బాగుందో తెలుస్తుంది గదా. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

1. కథ యాడనుంచి వచ్చింది?

మహాభారతాన్ని సంస్కృతంలో వ్యాసుడు చెప్పాడు. అందులో 18 పర్వాలున్నాయి. తెలుగులో దాన్ని ముగ్గురు కవులు రాశారు. వాళ్ళనే కవిత్రయం అంటారు. మొదట 11వ శతాబ్దంలో నన్నయ ఆది పర్వం, సభా పర్వం, అరణ్య పర్వంలో కొంత రాశారు. 13వ శతాబ్దంలో తిక్కన విరాట పర్వం నుంచి చివరి దాకా 15 పర్వాలు రాశారు. మధ్యలో మిగిలిపోయిన అరణ్య పర్వాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశారు.

వీళ్ళలో తిక్కన మన నెల్లూరు ఆయన. నెల్లూరును ఏలిన మనుమసిద్ధి రాజు దగ్గర మంత్రిగా ఉన్నారు. మన కలిగిరి నుంచి బస్సెక్కితే పోయే ఊరే. అంటే నర్తనశాల కథ తెలుగులో మొదట పుట్టింది మన జిల్లాలోనే. ఈ మాట నర్తనశాల పార్టీ వాళ్ళకు చానా సంతోషంగా ఉంటుంది.

2. మూడు సినిమాల వరుస

మాయాబజార్ 1957 మార్చి 27న వచ్చింది. విజయా వారు తీశారు. దర్శకుడు కె.వి.రెడ్డి. కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు.

నర్తనశాల 1963 అక్టోబరు 11న వచ్చింది. రాజ్యం పిక్చర్స్ వారిది. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు.

పాండవ వనవాసం 1965 జనవరి 14న, సంక్రాంతికి వచ్చింది. మాధవీ ప్రొడక్షన్స్ వారిది. దీనికి కూడా కమలాకర కామేశ్వరరావే దర్శకుడు. ఈ రెండు సినిమాలకూ రాసింది సముద్రాల రాఘవాచార్య.

మూడూ నలుపు తెలుపు సినిమాలే. మాయాబజార్‌కు మాత్రం 2010లో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు.

ఇవి ఒకటి, రెండు, మూడు అని భాగాలుగా తీసినవి కావు. తీసిన కంపెనీలు కూడా వేరు. కానీ కథ ప్రకారం చూస్తే మూడూ ఒక్క సమయంలోనే జరుగుతాయి. జూదంలో ఓడిన పాండవులు 12 ఏళ్ళు అడవిలో, 1 సంవత్సరం ఎవరికీ తెలియకుండా ఉండాలి. ఆ అడవి ఏళ్ళ కథ పాండవ వనవాసం. అదే ఏళ్ళలో వాళ్ళ పిల్లవాడు అభిమన్యుడికి ద్వారకలో ఏం జరిగిందనేది మాయాబజార్. 13వ ఏడు కథ నర్తనశాల. కాబట్టి మూడింటినీ ఒకే కథలో మూడు ముక్కలుగా చూడవచ్చు.

ఇంకొక విచిత్రం ఏమంటే ముగ్గురు నటులు మూడింటిలోనూ ఉన్నారు. చూడండి.

ఎన్.టి.రామారావు: మాయాబజార్‌లో కృష్ణుడు, నర్తనశాలలో అర్జునుడు (బృహన్నల), పాండవ వనవాసంలో భీముడు.

సావిత్రి: మాయాబజార్‌లో శశిరేఖ, మిగతా రెండింటిలో ద్రౌపది.

ఎస్.వి.రంగారావు: మాయాబజార్‌లో ఘటోత్కచుడు, నర్తనశాలలో కీచకుడు, పాండవ వనవాసంలో దుర్యోధనుడు.

ఒకే మనిషి ఒక సినిమాలో భీముడి కొడుకు, ఒక సినిమాలో భీముడి చేతిలో చచ్చేవాడు, ఇంకో సినిమాలో భీముడికి బద్ధ శత్రువు!

3. పుస్తకానికి దగ్గరగా ఉన్నది – నర్తనశాల

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చూడాలనుకునేవాళ్ళకు నర్తనశాల మంచిది. విరాట పర్వంలో ఉన్న ముఖ్యమైన సంగతులన్నీ ఇందులో ఉన్నాయి. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచిపెట్టడం, పేర్లు మార్చుకొని విరాట రాజు కొలువులో చేరడం, కీచకుణ్ణి భీముడు చంపడం, చివర కౌరవులు ఆవులను తోలుకుపోతే అర్జునుడు గెలిచి తేవడం. అర్జునుడికి ఊర్వశి శాపం పెట్టడం విరాట పర్వానికి ముందు జరిగిన కథ. బృహన్నల వేషం ఎందుకొచ్చిందో చూసేవాళ్ళకు తెలియాలని దాన్ని కూడా చూపించారు.

ఈ కథలో నాకు బాగా తగిలిన సంగతి ఒకటుంది. ద్రౌపది ఇక్కడ రాణి కాదు. సైరంధ్రి అనే పేరుతో రాణి సుదేష్ణ దగ్గర పనికి కుదిరిన ఆడమనిషి. రాణి తమ్ముడు కీచకుడు ఆమె వెంట పడతాడు. రాజుకు బావమరిది అంటే భయం. సేనకంతా వాడే పెద్ద. కాబట్టి ఎవరూ నోరెత్తరు. పుస్తకంలో అయితే నిండు సభలో వాడు ఆమెను తంతాడు. ధర్మరాజు చూస్తూ కూడా తమ గుట్టు బయటపడుతుందని ఊరుకుంటాడు. అప్పుడామె రాత్రిపూట వంటింటికి పోయి, వంటవాడి వేషంలో ఉన్న భీముడికి తన బాధ చెప్పుకుంటుంది. ఇంకొకరి ఇంట్లో పనికి పోయే ఆడవాళ్ళకు ఈ కథ వేరే చెప్పాల్సిన పని లేదు. మా అవ్వకు విరాట పర్వం అంటే ఏమో తెలియదు. కానీ కీచకుడు వచ్చినప్పుడల్లా టీవీ వైపు చూసి తిట్టింది.

రంగారావు ఎంత భయపెట్టాడంటే, 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ సినిమా పండుగలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు. జకార్తా ఇండోనేషియా దేశంలో ఉంది. సోషల్ పటంలో చూసుకోండి.

4. కోపం, కష్టం చూపించేది – పాండవ వనవాసం

ఈ సినిమాకు ఒక ఇబ్బంది ఉంది. కథ చానా పెద్దది. జూదం, ద్రౌపదిని సభకు ఈడ్చుకురావడం, భీముడి శపథం ఇవన్నీ సభా పర్వంలోవి. తర్వాత అరణ్య పర్వం చేంతాడంత పొడుగు. అన్నీ మూడు గంటల్లో పట్టవు. అందుకని భీముణ్ణి, ద్రౌపదిని మధ్యలో నిలబెట్టి, వాళ్ళకు సంబంధించిన వాటినే ఎక్కువగా తీసుకున్నారు. నర్తనశాలలో కథ చెరువులో నీళ్ళలా ఒకచోటే ఉంటుంది. ఇందులో వాగులా పారుతూ పోతుంది. ఏ చోట ఏం జరిగిందో గుర్తు పెట్టుకోవడం కష్టం. కానీ ద్రౌపది ఏడుపు, భీముడి కోపం మాత్రం మరచిపోలేము.

సౌగంధిక పుష్పం కోసం భీముడు పోతుంటే దారికి అడ్డంగా ఒక ముసలి కోతి పడుకొని ఉంటుంది. తోక పక్కకు తియ్యమంటే నువ్వే తియ్యి అంటుంది. అంత బలంగలవాడు ఆ తోక ఎత్తలేకపోతాడు. ఆ కోతి ఆంజనేయుడు. బలం ఉంటే చాలదు, గర్వం ఉండకూడదు అని దీనివల్ల తెలుస్తుంది. ఇది అరణ్య పర్వంలో ఉన్నదే.

5. పుస్తకంలో లేనే లేనిది – మాయాబజార్

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మూడింటిలో అందరికీ ఎక్కువ ఇష్టమైన మాయాబజార్ కథ వ్యాసుడి భారతంలో లేదు. నన్నయ, తిక్కన, ఎర్రన కూడా రాయలేదు. బలరాముడికి శశిరేఖ అనే కూతురుండడం, ఆమెను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలనుకోవడం, ఘటోత్కచుడు వచ్చి ఆ పెళ్ళి చెడగొట్టి అభిమన్యుడితో పెళ్ళి జరిపించడం, ఇదంతా జనం చెప్పుకున్న కథ. వేరే రాష్ట్రాల్లో ఈ అమ్మాయినే వత్సల అని, సురేఖ అని కూడా పిలుస్తారు.

మరి పుస్తకంలో లేని కథ ఇన్నాళ్ళు ఎట్లా బతికింది? ఆటలు, నాటకాలు బతికించాయి. మనకు పడమటి పక్కనున్న కడప జిల్లాలో సురభి అనే ఊరుంది. సురభి నాటకాల వాళ్ళు 1885లో అక్కడే మొదలుపెట్టారు. వాళ్ళు ఆడిన మొదటి నాటకం "కీచక వధ". తర్వాత వాళ్ళకు చానా పేరు తెచ్చిన నాటకాల్లో "మాయాబజార్" ఒకటి. అంటే నర్తనశాల కథ, మాయాబజార్ కథ రెండూ సినిమా కంటే ముందే స్టేజీ మీద ఉన్నాయి. తెలుగులో శశిరేఖ కథను 1936లోనే ఒకసారి సినిమా తీశారు. 1957లో వచ్చింది మన మాయాబజార్.

ఇందులో ఇంకో తమాషా ఉంది. భారతం సినిమాయే గానీ పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు! కావాలంటే ఈసారి వేసినప్పుడు లెక్క పెట్టండి.

కెమెరా పనిలో కూడా ఇదే ముందుంటుంది. మార్కస్ బార్ట్లే అనే ఆయన కెమెరా పట్టారు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. పడవ పాటలో వెన్నెల కూడా కెమెరా పనితనంతో చేసినదే. ఇప్పటిలాగా అప్పుడు కంప్యూటర్లు లేవు.

6. మూడింటిలోనూ వేషం ఉంది

మూడింటినీ కలిపే దారం ఒకటి కనిపెట్టాను. అది వేషం మార్చుకోవడం. నర్తనశాలలో గొప్ప వీరుడు ఆడపిల్లలకు నాట్యం నేర్పే బృహన్నల అవుతాడు. పాండవ వనవాసంలో ఆంజనేయుడు కదలలేని ముసలి కోతి అవుతాడు. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ అవుతాడు. సావిత్రి ఆడపిల్ల ముఖంతోనే ఘటోత్కచుడిలా మీసం దువ్వినట్టు చేసి, గట్టిగా అడుగులు వేస్తుంటే మనమంతా పొట్ట పట్టుకొని నవ్వాము.

మూడు చోట్లా ఒకటే పాఠం. పైకి చూసి మనిషిని తక్కువగా లెక్క కట్టినవాడే చివరికి మోసపోతాడు.

7. మూడు సినిమాల్లో అడవి

మనం అడవి బిడ్డలం గదా. అందుకని అడవిని ఎట్లా చూపించారో ప్రత్యేకంగా చూశాను.

పాండవ వనవాసంలో అడవి అంటే శిక్ష. రాజ్యం పోయినవాళ్ళు కష్టాలు పడే చోటు. మా తాతల కాలంలో తేనె, గడ్డలు, కట్టెలు ఇచ్చిన అడవి రాజులకు శిక్ష అయింది! నర్తనశాలలో అడవి దాదాపు లేదు. ఊరి బయట జమ్మిచెట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. మాయాబజార్‌లో మాత్రం అడవి అంటే దిక్కు. సుభద్రను, అభిమన్యుణ్ణి సొంత అన్నగారి ఇంట్లోనే చులకన చేస్తే వాళ్ళు బయలుదేరి పోతారు. అప్పుడు ఆదరించింది ఎవరు? అడవిలో ఉన్న హిడింబి, ఘటోత్కచుడు. ఊళ్ళో చుట్టాలు మాట తప్పారు, అడవిలో చుట్టాలు అన్నం పెట్టారు.

మరి పుస్తకంలో అడవి వాళ్ళకు ఏం జరిగింది? లక్క ఇల్లు తగలబడిన రాత్రి పాండవులు తప్పించుకున్నారు. లోపల నిద్రపోయిన ఒక నిషాద తల్లి, ఆమె అయిదుగురు కొడుకులు కాలిపోయారు. ఆ శవాలను చూసే పాండవులు చచ్చారని అందరూ అనుకున్నారు. ఆ తల్లి పేరు కూడా లేదు. ఏకలవ్యుడి బొటనవేలు సంగతి అందరికీ తెలుసు. ఘటోత్కచుడు వనవాసంలో నడవలేని ద్రౌపదిని మోసుకొని కొండలు దాటించాడు. యుద్ధంలో కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తి అనే ఆయుధాన్ని తన మీద వేయించుకొని చచ్చిపోయాడు. పాండవులు ఏడుస్తుంటే, అర్జునుడు బతికాడని కృష్ణుడు సంతోషించాడంట.

పుస్తకంలో మోసి, చచ్చి, ఉపయోగపడినవాడు జనం కథలో పెళ్ళి పెద్ద అయ్యాడు. ఎందుకు? ఆ కథను నోటితో చెప్పుకున్న జనం అతన్ని అట్లా చావనివ్వలేదని నేను అనుకుంటాను.

ఒక మాట ఒప్పుకోవాలి. మాయాబజార్‌లో కూడా అడవి వాళ్ళను రాక్షసులనే అన్నారు. తిండిపోతులుగా చేసి నవ్వించారు. ఒకసారి ఒక ఊరి పెళ్ళిలో భోజనాల దగ్గర మా వాళ్ళ పిల్లలు రెండోసారి అన్నం అడిగితే ఒకాయన "ఘటోత్కచులు వచ్చారయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లలు చేతులు వెనక్కు తీసుకున్నారు. ఆయన ఆ సినిమా సరిగా చూడలేదు. ఘటోత్కచుడు తిన్నది మాట తప్పినవాళ్ళ పెళ్ళి విందు. ఒక ఆడపిల్లను ఇష్టం లేని పెళ్ళి నుంచి తప్పించడానికి వచ్చి తిన్నాడు. కాబట్టి ఎవరైనా మనల్ని ఘటోత్కచులు అంటే తల వంచుకోకూడదు. అన్నం తిని లేవాలి.

ఆ సినిమాలోనే ఇంకో చోటు చూడండి. ఘటోత్కచుడి మనుషులు మాటలు సరిగా పలకలేక "తసమదీయులు" అని కొత్త మాట పుట్టిస్తారు. ఘటోత్కచుడు వాళ్ళను తిట్టడు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎట్లా పుడతాయని మెచ్చుకుంటాడు. మన మాట విని నవ్వేవాళ్ళు ఇది కూడా చూడాలి.

8. వేరే దేశంలో ఏం చేశారు?

ఇంగ్లీషులో "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అని మూడు సినిమాలున్నాయని మా ఇంగ్లీషు టీచర్ చెప్పారు. టోల్కిన్ అనే ఆయన రాసిన పుస్తకం అది. 1954, 1955 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. మన మాయాబజార్‌కు కొంచెం ముందన్నమాట. పీటర్ జాక్సన్ అనే దర్శకుడు న్యూజిలాండ్‌లో మూడూ కలిపి తీశారు. 2001, 2002, 2003లో వరుసగా విడుదలయ్యాయి. మూడో సినిమాకు 11 ఆస్కార్లు వచ్చాయి.

ఆ పుస్తకం మూడో భాగంలో ఘాన్-బురి-ఘాన్ అని ఒక అడవి మనుషుల పెద్ద ఉన్నాడు. యుద్ధానికి పోయే గుర్రపు సైన్యానికి శత్రువులు దారిలో కాపు కాస్తారు. అప్పుడు ఈ పెద్ద ఎవరికీ తెలియని పాత అడవి దారి చూపించి వాళ్ళను దాటిస్తాడు. బదులుగా ఏమి అడుగుతాడు? బంగారం కాదు. ఇకమీదట మా వాళ్ళను జంతువుల్లా వేటాడవద్దు, మా అడవిలో మమ్మల్ని ఉండనివ్వండి అని అడుగుతాడు. ఇంత మంచి మనిషి సినిమాలో లేడు. నిడివి ఎక్కువవుతుందని కొన్ని తీసెయ్యక తప్పదు, నిజమే. కానీ తీసెయ్యాల్సి వచ్చినప్పుడు దారి చూపించినవాడే ముందు పోయాడు.

అక్కడ పుస్తకంలో ఉన్న అడవి మనిషి సినిమాలో పోయాడు. ఇక్కడ పుస్తకంలో చచ్చిపోయిన అడవి మనిషి సినిమాలో గెలిచాడు. మాయాబజార్ గొప్పతనం నాకు ఇక్కడ తెలిసింది.

9. మరి ఏది గొప్పది?

తిక్కన కథను చక్కగా అర్థం చేసుకోవాలంటే నర్తనశాల చూడాలి. అవమానం ఎంత కాలమైనా లోపల ఎట్లా మండుతుందో తెలియాలంటే పాండవ వనవాసం చూడాలి. నా ఓటు మాత్రం మాయాబజార్‌కే. నవ్విస్తుందని మాత్రమే కాదు. పుస్తకంలో లేకపోయినా కథ నిజంగా బతకగలదని అది చూపించింది.

మన ఇళ్ళలో పుస్తకాలు లేవు. మాలో చానామందికి అమ్మా నాయనలు చదువుకోలేదు. అంతమాత్రాన మన ఇళ్ళలో కథలు లేవని కాదు. శశిరేఖ కథ కూడా ఒకప్పుడు ఎవరో అవ్వ నోట్లోనే ఉండి ఉంటుంది. విని, గుర్తు పెట్టుకొని, చెప్పినవాళ్ళు ఉన్నారు కాబట్టి నిలిచింది. మన అవ్వల కథలు వినేది మనమే, ఇప్పుడు రాయడం వచ్చినదీ మనకే.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క కథ అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకొని రండి. మాటలు మార్చవద్దు. వచ్చే సంచికలో ఈ గోడ మీద పెడదాము.

చివరగా మూడు ప్రశ్నలు. జవాబులు ఈ వ్యాసంలోనే ఉన్నాయి. కింద అంటించిన తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో రాయండి.

1. మూడు సినిమాల్లో ద్రౌపది ఎన్నింటిలో కనిపిస్తుంది?
2. సురభి వాళ్ళ మొదటి నాటకం ఏది?
3. దారి చూపించినందుకు ఘాన్-బురి-ఘాన్ ఏమి అడిగాడు?

– 9వ తరగతి విద్యార్థిని, కలిగిరి